పెద్దకోడలి ఆకలి

శుక్రవారం సాయంత్రం కరెంటు పోయి, వచ్చింది. మధ్యలో గట్టిగా లెక్కపెడితే పది క్షణాలు. ఆ పది క్షణాల్లోనే చిన్నకోడలి కంట ఒక సంగతి పడిందని కిందటి వారం భాగంలో చెప్పుకున్నాం. స్టూలు మీద మామగారు పెట్టిన పరీక్ష సీసాలో అంతసేపూ నీలంగా కనపడిన నీళ్లు, అక్వేరియం దీపాలు ఆరగానే మంచినీళ్లలా తేటగా అయిపోయాయి. దీపాలు వెలిగాయి, మళ్లీ నీలం. మామగారు అది చూడలేదు. పంపు ఆగిపోయిందన్న కంగారులో ఆయన బ్యాటరీ కోసం బల్ల కింద దూరి ఉన్నారు.

ఇప్పుడే కథలో అడుగుపెట్టినవాళ్ల కోసం ఒక మాట. ఈ ఇంట్లో కొడుకు ఒక్కడే, కోడళ్లు మాత్రం ఇద్దరు. అతని గుణం గురించి అనుమానాలేం పెట్టుకోకండి. పెద్దకోడలంటే హాల్లో ఉన్న ఉప్పునీటి అక్వేరియంలోని పగడం. చిటికెనవేలంత ముక్కగా వచ్చి, అయిదేళ్లలో గులాబీ రంగు కొమ్మలు వేసి కొబ్బరికాయంత అయింది. మామగారు దానికి చేసే సేవలు చూసి, ఒళ్లు మండి, ఆ పేరు పెట్టింది అత్తగారు. తర్వాత పెళ్లి చేసుకుని వచ్చిన అమ్మాయి ఒక్కగానొక్క కోడలై ఉండి కూడా చిన్నకోడలైంది. ఆమెకి దాని మీద కోపమేమీ లేదు. ఇంటికి వచ్చినవాళ్లంతా ముందు పెద్దకోడలినే చూస్తారు, తన జుట్టు ఎలా ఉన్నా ఎవరికీ పట్టదు.

ఆ పెద్దకోడలు ఎనిమిది నెలలుగా పాలిపోతోంది. గులాబీ రంగు పోయి, కొమ్మల చివర్లు సున్నం వేసినట్టు తెల్లబడ్డాయి. నీళ్లలో ఫాస్ఫేట్ అనే లవణం పెరిగిపోయిందని మామగారి పరీక్ష ప్రతి వారం చెబుతూనే ఉంది, సీసాలో నీళ్లు ఎంత నీలంగా తేలితే అది అంత ఎక్కువన్నమాట. ఆయన చెయ్యని వైద్యం లేదు. ఫాస్ఫేట్‌ని పీల్చేసే ఇటుకరంగు గుళికలు గుడ్డసంచిలో పోసి నీళ్లు పారే చోట కట్టారు, వారం వారం మార్చారు. చేపల తిండి రోజు విడిచి రోజు చిటికెడుకి దించారు. వారానికి రెండుసార్లు పాతనీళ్లు తోడి కొత్త ఉప్పునీళ్లు పోశారు. నైట్రేట్ పరీక్షించే మందు అయిపోతే మళ్లీ తెప్పించలేదు, దొంగ దొరికాక ఇంకో దొంగని వెతకడం ఎందుకని. చివరికి తన చేతిలో పస తగ్గిపోయిందని తీర్మానించుకుని, ఆదివారం వచ్చి మొత్తం అక్వేరియాన్ని పట్టుకుపొమ్మని పళ్లడాక్టరుకి మాట ఇచ్చేశారు.

ఆ పళ్లడాక్టరు పరిచయం కూడా ఒక కథే. అత్తగారికి కుడివైపు కింది పన్ను ఏడాదిగా సలుపుతోంది. ఆవిడ ఎడమవైపు నములుతుంది, చల్లటి నీళ్లు తాగదు, పళ్లడాక్టరు మాటెత్తితే చాలు, ఇల్లు తుడవాలంటూ లేచిపోతుంది. ఓసారి మామగారు ఆవిడ కోసం క్లినిక్‌లో వేళ అడిగి పెట్టుకున్నారు. ఆవిడ సమయానికి రాలేదు. ఖాళీగా కూర్చోలేక ఆయన, ఖాళీగా ఉన్న డాక్టరుకి గంటసేపు పగడాల గురించి చెప్పారు. పన్ను అత్తగారిది, స్నేహం మామగారిది అయింది.

ఇక శనివారం పొద్దున చిన్నకోడలి పరిస్థితి చూద్దాం. ఆమె రంగుల దుకాణంలో రంగులు కలిపే మనిషి. ఎవరో గోడ పెచ్చు తెస్తారు, ఇంకెవరో కర్టెన్ గుడ్డ తెస్తారు, దానికి సరిగ్గా సరిపోయే రంగు డబ్బాలో కలిపి ఇవ్వాలి. ఆ దుకాణంలో చేరిన రోజే యజమాని చెప్పిన మొదటి సంగతి, లోపలి దీపాల కింద రంగు పోల్చవద్దని. గుడ్డ ముక్కనీ, రంగుల కార్డునీ గుమ్మం బయటికి తెచ్చి, పగటి వెలుగులో చూసి అప్పుడు చెప్పాలి. పసుపు దీపం కింద పసుపు, నీలం దీపం కింద నీలం, తెలుపుతో కలిసిపోయి మాయమైపోతాయి. ఆరేళ్లుగా రోజుకి ముప్పైసార్లు గుమ్మం దాకా నడిచిన మనిషి, తన ఇంట్లో మామగారు నీలిదీపాల పక్కన కూర్చుని నీలిరంగు గడుల కార్డుతో సీసాని పోల్చుకుంటుంటే ఎనిమిది నెలలు చూస్తూ ఊరుకుంది. తనని తాను తిట్టుకోవడానికి ఆమెకి తిట్లు చాలలేదు.

అంతకంటే పెద్ద ముల్లు ఇంకోటి గుచ్చుకుంటోంది. మామగారు పూర్వం ఆ పరీక్ష చేసేది వంటింటి కిటికీ దగ్గరి అరుగు మీద. ఎనిమిది నెలల కిందట ఆమె ఇంట్లో కూడా రంగుల నమూనాలు కలపడం మొదలుపెట్టి, మంచి వెలుగు ఉందని తన చిన్న డబ్బాలన్నీ ఆ అరుగు మీద పేర్చుకుంది. మామగారు మారు మాట్లాడకుండా తన సీసాల పెట్టె హాల్లోకి తీసుకెళ్లి, అక్వేరియం పక్కన స్టూలు వేసుకున్నారు. పొద్దున ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆమె ఆయన నోట్‌బుక్ తిరగేసింది. పదకొండేళ్లుగా రెండో గడి, రెండో గడి, ఎప్పుడైనా మూడో గడి. సరిగ్గా ఆ వారం నుంచి నాలుగో గడి, ఆపై అన్నీ నాలుగులే. ఆమె నోట్‌బుక్ మూసి ఉన్నచోటే పెట్టేసింది.

పని మీద వేరే ఊరు వెళ్లిన భర్తకి ఫోన్ చేసింది. అతను అంతా విని, నాన్నకి నువ్వంటే ప్రాణం, నువ్వే చెప్పు అని తెలివిగా పక్కకి తప్పుకున్నాడు. చెప్పడం అంత తేలికా? మామగారు పెద్దాసుపత్రి ల్యాబులో ముప్పై ఎనిమిదేళ్లు రక్తపరీక్షలు చేసి రిటైరైన మనిషి. ఆయన సంతకం ఉన్న రిపోర్టుని మళ్లీ పరీక్షకి పంపిన డాక్టరు లేడట. ఈ సంగతి ఆయన చెప్పరు, అత్తగారు చెబుతుంది, అదీ ఆయన ఇంట్లో లేనప్పుడు.

చిన్నకోడలు ఒక ఎత్తు వేసింది. రేపు డాక్టరుగారికి ఈ పరీక్ష చేసి చూపించాలి కదా, ముందు నాకు నేర్పండి మామయ్యా అని అడిగింది. నేర్పమని అడిగితే కాదనే మాస్టారు భూమ్మీద ఉండడు. మామగారు కళ్లద్దాలు తుడుచుకుని స్టూలు ముందుకి జరిపారు. అయిదు మిల్లీలీటర్ల నీళ్లు ఎలా తీసుకోవాలో, సీసా గోడలకి బుడగలు అంటకుండా చుక్కలు ఎలా వెయ్యాలో, మూత పెట్టి ఎలా తిప్పాలో చూపించారు. రంగు తేలడానికి అయిదు నిమిషాలు ఆగాలన్నారు. ఆ అయిదు నిమిషాలు ఇద్దరూ పెద్దకోడలినే చూస్తూ కూర్చున్నారు. రెండు నారింజ రంగు చేపలు అద్దం దగ్గరికి వచ్చి, తిండి వేళేమోనని ఆశగా నోళ్లు తెరిచాయి.

గడియారం మోగింది. మామగారు సీసాని కార్డు మీద ఒక్కో గడి పక్కనా జరుపుతూ పోయారు. మొదటి నాలుగు గడులూ ఒకేలా ఉన్నాయని ఆయనే అన్నారు. అలాంటప్పుడు ఎక్కువ వైపే రాసుకోవాలమ్మా, తక్కువ రాసి ప్రమాదం తెచ్చుకోకూడదు అని పాఠం కూడా చెప్పారు. నాలుగో గడి అని నోట్‌బుక్ తెరిచారు.

"మామయ్యా, రాయకండి. ఒక్కసారి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూద్దాం."

ఆయన పెన్ను ఆగిపోయింది. చిన్నకోడలు ఇంకేం చెప్పవలసిన అవసరం రాలేదు. అన్నేళ్లు ల్యాబులో పనిచేసిన మనిషికి ఆ ఒక్క మాట చాలు. ఆయన తల ఎత్తి నీలిదీపాల వంక చూశారు, చేతిలోని కార్డు వంక చూశారు, ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో కార్డు పట్టుకుని వంటింట్లోకి నడిచారు. ఎంత జాగ్రత్తగా నడిచారంటే, వంటింటి గుమ్మంలో ఉన్న అత్తగారు అడగకుండానే పక్కకి తప్పుకుంది.

కిటికీ దగ్గర సీసాలో నీలం లేదు. కార్డు మీద మొదటి గడి తెల్లగా ఉంది, నీళ్లూ అలాగే ఉన్నాయి. ఫాస్ఫేట్ సున్నా.

మామగారు హాల్లోకి వెళ్లి పెట్టె మొత్తం తెచ్చుకున్నారు. చిన్నకోడలు తన రంగుడబ్బాలు గబగబా కిందికి దించి అరుగు ఖాళీ చేసింది. ఆయన కొత్త నీళ్లతో ఇంకోసారి చేశారు, సున్నా. సీసా మార్చి మూడోసారి చేశారు. మూడోసారి అయిదు నిమిషాలూ గడిచేదాకా వంటింట్లో చప్పుడల్లా అత్తగారి పొయ్యి మీది టీ మరుగుతున్నదే. మూడోసారీ సున్నానే.

"అంటే ఎక్కువై కాదు, లేక," అన్నారాయన నెమ్మదిగా. "ఎనిమిది నెలలు దాన్ని పస్తు పెట్టాను. చేపలు తిని వదిలినదే దానికి ఎరువు. చేపలకే తిండి తగ్గించాను. ఉన్న కాస్తా గుళికల చేత పీల్పించేశాను. పాలిపోయిందని ఇంకా శుభ్రం చేశాను."

"ముప్పై ఎనిమిదేళ్లు నా కూరలో ఉప్పెక్కువైందని అన్నారు కదా," అంది అత్తగారు టీ వడగడుతూ. "అదీ ఏ దీపం కింద చూసి చెప్పారో."

చిన్నకోడలు నాలిక కరుచుకుంది. మామగారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. కోడలి వైపు తిరిగి, ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది అని అడిగారు. నిన్న సాయంత్రం కరెంటు పోయినప్పుడు అని చెప్పింది. మరి నిన్నే ఎందుకు చెప్పలేదన్నారు. మీరు బాధపడతారని భయమేసింది అంది. ఈ అరుగు ఆక్రమించుకున్నది నేనే కదా, తప్పు నాదే కదా అని కూడా అనేసింది.

"చూడమ్మా," అన్నారు మామగారు. "ల్యాబులో నా దగ్గర చేరినవాళ్లకి మొదటి రోజే ఒకటి చెప్పేవాణ్ని. నా తప్పు కనపడితే ఆ నిమిషమే చెప్పండి, అవతల మంచం మీద రోగి ఉన్నాడు, మన మొహమాటం ఖరీదు వాడు కట్టకూడదు అని. అరుగు నువ్వు తీసుకోలేదు, నేనిచ్చాను. వెలుగు చూసుకోవాల్సిందీ నేనే. ఇంకెప్పుడూ నా తప్పు నా దగ్గర దాచకు."

అలాగేనంది చిన్నకోడలు. కళ్లు తుడుచుకుంటే చేతికున్న రంగు బుగ్గకి అంటింది. అది చూసి మామగారికి అప్పుడొచ్చింది నవ్వు. ఏడవాలో నవ్వాలో తెలియక ఆమె కూడా నవ్వేసింది. తప్పెక్కడుందో తెలియని మనిషి కంటే, తన తప్పు తనకి దొరికిన మనిషి తేలిగ్గా ఉంటాడని ఆమెకి అర్థమైంది. ఎనిమిది నెలల తర్వాత మామగారి నడుము నిటారుగా నిలబడింది.

ఆ తర్వాత ఇంట్లో హడావిడి చూడాలి. మామగారు చొక్కా చేతులు మడుచుకుని గుళికల సంచి బయటికి లాగారు. ఇటుకరంగు నీళ్లు హాలు నుంచి బాత్రూము దాకా నేల మీద గీతలా కారాయి. మామూలు రోజైతే అత్తగారు ఆ గీత మీద గంటసేపు మాట్లాడేది. ఇవాళ నోరు మెదపకుండా గుడ్డ తెచ్చి తుడిచింది. చిన్నకోడలు చేపలకి నిండు చిటికెడు తిండి వేసింది. నారింజ చేపలు రెండూ తమ అదృష్టాన్ని నమ్మలేక ముందు ఒకదాన్నొకటి తరిమాయి, తర్వాత తిన్నాయి. ఇంకో చిటికెడు వెయ్యనా అంటే మామగారు వద్దన్నారు. పస్తున్న మనిషికి ఒక్కసారే విందు పెట్టకూడదట. రోజుకి ఇంత, వారానికి ఇంత అని పెంచుకుంటూ, కిటికీ దగ్గర పరీక్షిస్తూ, రెండో గడికి తేవాలి. రంగు తిరిగి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

"ఈలోగా దాన్ని కదపకూడదు," అన్నారు. "ఇంత నీరసం మీదున్నది, చోటు మారితే తట్టుకోలేదు."

అన్న తర్వాత ఆయన ముఖంలో నవ్వు సగంలో నిలిచిపోయింది. చిన్నకోడలికి కూడా అప్పుడే గుర్తొచ్చింది. దానికేం, డాక్టరుగారికి ఫోన్ చేసి విషయం చెబుదాం, రేపటికి కదా, ఇంకా ఒక రోజుంది అంది.

మామగారు గుళికల సంచిని బకెట్లో పెట్టారు. తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకున్నారు. పొద్దున ఏడింటికే డాక్టరుకి ఫోన్ చేసి, రేపటి దాకా ఎందుకు, ఇవాళే రమ్మన్నానని చెప్పారు. రేపటికి మనసు మారిపోతుందేమోనని భయపడ్డారట.

ఆయన ఆ మాట పూర్తి చేశారో లేదో, కింద వ్యాను ఆగింది. మెట్ల మీద మూతల డబ్బాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చింది.

పళ్లడాక్టరు మంచివాడు. చెడ్డవాడైతే పని సులువయ్యేది. వస్తూనే చెప్పులు విడిచి, మామగారి రెండు చేతులూ పట్టుకుని, తన క్లినిక్‌లో అక్వేరియం పెట్టే గోడ కొలతలు కాగితం మీద గీసుకొచ్చానని చూపించాడు. భయంతో వచ్చే రోగులు దీన్ని చూసి కాస్త స్థిమితపడతారని నెల రోజులుగా అనుకుంటున్నాడట. మీరే వారానికోసారి వచ్చి నాకు నేర్పాలి అన్నాడు. వెనక ఇద్దరు మనుషులు ఆరు డబ్బాలు, పైపులు, దుప్పట్లు దించారు. పంపులు ఆపేస్తే నీళ్లు తోడటం మొదలుపెడతామన్నారు.

మామగారు మాట ఇచ్చి తప్పిన మనిషి కాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అదే ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది. ఆయన ఒక్క మాట చెబితే డాక్టరు అర్థం చేసుకుంటాడేమో. కానీ ఆయన గోడ దగ్గరికి వెళ్లి పంపు స్విచ్చు మీద చెయ్యి వేశారు. చిన్నకోడలు, మామయ్యా అని పిలిచింది. ఆయన వెనక్కి చూడలేదు.

అప్పుడు వంటింట్లోంచి అత్తగారు వచ్చింది. తడిచేతులు కొంగుకి తుడుచుకుని, పరీక్ష చేసే స్టూలుని తొట్టె ముందుకి లాక్కుని, దాని మీద కూర్చుంది. ఈ ఉప్పునీళ్ల కంపు ఎప్పుడు వదులుతుందా అని పదకొండేళ్లుగా సణిగిన మనిషి. ఆవిడ ఎందుకు కూర్చుందో ఎవరికీ అర్థం కాలేదు.

"డాక్టరుగారూ, ముందు నా పన్ను సంగతి చూడండి."

మామగారి చెయ్యి స్విచ్చు మీద నుంచి జారింది. డాక్టరు తడబడ్డాడు. ఏడాదిగా తను పేరు మాత్రమే విన్న పన్ను అది. తప్పకుండా చూద్దామమ్మా, ఈ పని కానివ్వండి అన్నాడు. ఇప్పుడే చూడాలి, చచ్చేంత సలుపుతోంది అని ఆవిడ నోరు తెరిచింది. భయానికి కళ్లు గట్టిగా మూసుకుంది. చిన్నకోడలు పక్కకి వెళ్లి నిలబడితే, ఆవిడ చూడకుండానే ఆమె చెయ్యి వెతికి పట్టుకుంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే వేళ్లు నొప్పెట్టాయి.

డాక్టరు వంగి చూసి తల అడ్డంగా ఊపాడు. ఈ నీలిదీపాల కింద పన్నేదో పుచ్చేదో తెలియదమ్మా అన్నాడు.

"అయితే మీ క్లినిక్‌కే పదండి," అంది అత్తగారు లేస్తూ. అప్పటికే ఆవిడ గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు పెడుతోంది. పక్కనే ఉన్న కోడలి చెవిలో మాత్రం వేరే మాట చెప్పింది. "మాట ఇచ్చింది మీ మామయ్య. నేనివ్వలేదు. నేను నోరు తెరుచుకుని ఎంతసేపు కూర్చుంటే అంత వ్యవధి నీకు. ఏదో ఒకటి చెయ్యి."

ఆవిడ మెట్లు దిగడం మొదలుపెట్టింది. డాక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆవిడ వెనకే నడిచాడు. పాపం, మనసున్నవాడు, తన వల్ల ఎవరి పనీ ఆగకూడదనుకునే రకం. గుమ్మం దాటాక తల లోపలికి పెట్టి, తన మనుషులతో నవ్వుతూ చెప్పాడు.

"నా కోసం ఆగకండి, మీరు మొదలుపెట్టండి. నేను అమ్మగారి పన్ను చూసి వచ్చేస్తాను."

ఇద్దరిలో పెద్దవాడు మొదటి డబ్బా మూత తీశాడు. ఏది ముందు తియ్యమంటారండీ అని మామగారిని అడిగాడు. మామగారు పెద్దకోడలినే చూస్తున్నారు. చిన్నకోడలు వెళ్లి ఆ మనిషికీ తొట్టెకీ మధ్యన నిలబడింది. ఏం చెప్పిందో వచ్చే వారం చెప్పుకుందాం.